రెండో తప్పు

కరోనాకు కాలేజీ మూతపడడంతో ఊర్మిళ సూరత్‌లోని ఇంట్లోనే పరిశోధన సాగిస్తోంది. గుడ్డలో నేత తప్పులను కెమెరాతో పట్టడం కంప్యూటర్‌కు నేర్పాలి. అందుకు తప్పున్న గుడ్డ కావాలని తండ్రి సోమలింగాన్ని అడిగింది.

“ముప్పై ఏండ్ల సంది మగ్గం మీదున్న. తప్పు నేయమంటవా బిడ్డా?”

“తప్పు జూపిస్తెనే గదా బాపూ, అది నేర్చుకునేది. ఎల్లుండి మా సారుకు చూపియ్యాలె.”

మర్నాడు సోమలింగం కార్ఖానా నుంచి వచ్చి, తలుపు వేశాకే సంచిలోని గుడ్డ బయటికి తీశాడు.

“ఒక్క పోగు తప్పించిన. చెయ్యి రాలే, కండ్లు మూసుకొని తప్పించిన. సేఠ్ జూస్తె ఇజ్జత్ పోతది.”

ఊర్మిళ దాన్ని కెమెరా కింద పరిచి కంప్యూటర్ తెర చూసింది.

“దొరికినయ్ బాపూ. రెండు తప్పులు.”

“నేను చేసింది ఒక్కటే. దానికి లెక్క రానట్టుంది.”

“ఇగో, రెండోది అంచు కాడ. వేలు పెట్టి చూడు.”

వేలికి తెగిన పోగు తగిలింది. సోమలింగం గుడ్డను కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. పోగు మాత్రం కనబడలేదు.

“కండ్లద్దాల దుకాన్లు తెరిచిన్రా బిడ్డా?”

“తెరిచిన్రు.”

“అయితే రేపు పోదాం. మీ సారుకు మాత్రం, రెండోది గూడ మా బాపు కావాల్ననే నేసిండని చెప్పు.”