మిరప తోటలో సముద్రపు పురుగు

"పెద్దమ్మా, ఫోన్లో రికార్డు పెట్టా. పెదనాన్న ఆస్పత్రి పాలైన సంగతి మొదట్నుంచీ చెప్పు."

పెట్టావా? సరే. ఆయన టీ తాగను సెంటరుకి పోయాడు, ఈలోపే చెబుతా.

అసలేం జరిగిందంటే, పోయిన సంవత్సరం... కాదు, ఈ ఏడు మిరప నాట్లప్పుడే, మీ పెదనాన్న బాపట్ల సముద్రం ఒడ్డు నుంచి ఎండు చేపల తుక్కు ఒక ట్రాక్టరు తెప్పించి తోటలో చల్లించాడు. మొక్కకి చానా బలమని ఎవరో చెప్పారంట. ఊరంతా ముక్కు మూసుకుంది గానీ ఆయన మాత్రం అత్తరు చల్లినట్టు తిరిగాడు. నేను కాపరానికొచ్చిన కొత్తల్లో పశువుల పెంటే వేసేవాళ్లం, పురుగు పడితే ఇంత బూడిద. ఇప్పుడొక మందు సీసా కొనే డబ్బులతో అప్పుడు పాలిచ్చే గేదె వచ్చేది, మా అత్త మీద ఒట్టు.

ఏం చెబుతున్నా? ఆఁ, తుక్కు. మొక్క మోకాలెత్తు వచ్చాక పాదులో పురుగులాంటిది ఒకటి కనపడింది ఈయనకి. అరచేతిలో సగం ఉంటది. బల్లపరుపుగా, వీపంతా గరుకు, మూతి ముందర రెండు రేకులు. ఎండిపోయి చెక్కలాగుంది. చచ్చిందయ్యా అది, పారెయ్యి అన్నా. "నటిస్తంది" అన్నాడు. నల్ల తామర పురుగు వచ్చి తోటలు మాడిపోయిన కాడ్నుంచి మావాళ్లకి చీమ కనపడ్డా గుండె గుబేలంటది. కవర్లో వేసుకుని టౌనుకి, పేటలో పురుగుమందుల కొట్టుకి పోయాడు. కొట్టాయన కళ్లజోడు తీసి చూశాడంట, పెట్టి చూశాడంట. "కొత్త రకం. బయట దేశం నుంచి వచ్చింది" అన్నాడంట. ఆయనకి తెలియని పురుగు ఉండదు. తెలియకపోతే అది కొత్త రకం. రెండు మందులు కలిపి కొట్టమని ఇచ్చాడు.

ఆ సాయంత్రం ఊళ్లో రెండు పార్టీల వాళ్లూ మా ఇంటికొచ్చారు దాన్ని చూడను. వాళ్లు ఒక్కచోట నిలబడటం నా కాపరంలో అదే చూట్టం.

అప్పుడే గందా నీకు ఫోటో పంపించింది. నువ్వు చెప్పింది చెప్పినట్టు ఆయనకి చెప్పా. ఇది పురుగు కాదయ్యా, రొయ్యల జాతి, స్లిప్పర్ లాబ్‌స్టర్ అంటారంట, అందులోనూ చిన్న రకం, తినేవాళ్లు లేక వలలో పడితే తుక్కులో పారేస్తారంట, నీ ఎరువులోనే వచ్చింది అన్నా. ఆ రేకులు దాని మీసాలంట, పీతకున్నట్టు డెక్కలు కూడా ఉండవంట, ఉప్పునీళ్లు లేకపోతే బతకదంట అన్నా. "మన బోరు నీళ్లు ఉప్పగానే ఉన్నాయిగా" అన్నాడు! పగలు సముద్రం అడుగున ఇసకలో కూరుకుని దాక్కుంటదంట, చీకటి పడ్డాకే మేతకొస్తదంట అన్నా. "అట్టయితే మందు మొక్క మొదట్లో కూడా పొయ్యాలి" అన్నాడు.

దాని పిల్లలు గాజురేకుల్లాగా ఉంటయ్యంట, నీళ్లల్లో తేలతా, జెల్లీ చేప దొరికితే దాని మీదెక్కి పోతయ్యంట, కంటికి ఆనవంట అన్నా. అంతే, ఆయన లేచి నిలబడ్డాడు.

"కంటికి ఆనవా? అయితే ప్రతి ఆకు మీదా ఉన్నట్టే!"

ఇంకేముంది, ఒకళ్లని చూసి ఒకళ్లు ఊరంతా తోటలకి మందు కొట్టారు. మీ పెదనాన్నది రెండింతల డోసు. మూతికి గుడ్డ కట్టుకోవయ్యా అంటే "నేనేమన్నా కొత్త పెళ్లికూతుర్నా" అన్నాడు. మూడో సాలు కాడ కళ్లు తిరిగి పడ్డాడు తల్లీ. నోట్లోంచి నురగ. ఇప్పుడు నవ్వుతా చెబుతున్నా గానీ, ఆటోలో పేట దాకా ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానే, ఆ కాసేపు నా ప్రాణం నాలో లేదు. ఈయన లేకపోతే నేనెవర్ని తిట్టుకుంటా బతకాలి? డాక్టరు బతికించాడు. "ఇంకోసారి ఇట్టా పీలిస్తే నా వల్ల కాదు" అని తెగేసి చెప్పాడు. కళ్లు తెరవంగానే మీ పెదనాన్న ఏమన్నాడో తెలుసా? "పురుగు పోయిందా?"

పోయింది. అది మాత్రం నిజం. మన నకరికల్లు చుట్టుపక్కల ఎంత వెతికినా ఒక్కటి కనపడలా. కొట్టాయన అదే చెప్పుకుని ఇప్పుడు ఈపూరు వాళ్లకి అమ్ముతున్నాడు. ఈయనేమో మిగిలిన మందు కొట్టంలో దాచాడు. వచ్చే వారం ఇంకో దఫా కొడతాడంట, గుడ్లు మిగిలుంటయ్యేమోనని.

అందుకే నిన్ను రమ్మంది. నా మాట వినడు, నీ చదువంటే భయం ఆయనకి. ఆ పురుగు ఏ మందుకీ చావదని చెప్పు. కాదు కాదు, అట్టా చెబితే ఇంకా ఘాటుది తెస్తాడు. మన దేశంలో ఉండదని... అహఁ, అది కొట్టాయన ముందే అన్నాడుగా. ఇదిగో, ఇట్టా చెప్పు: "మొత్తం చచ్చినయ్యి పెదనాన్నా, గుడ్లతో సహా. నీ దెబ్బకి వంశమే అంతరించింది, మా కాలేజీలో నీ గురించే పాఠం చెబుతున్నారు" అను. అబద్ధమే. అయినా చెప్పు. నువ్వు నూరేళ్లు చల్లగా ఉండాలి, మంచి ఉద్యోగం రావాలి. ఆయన్ని కూడా ఇంకో పదేళ్లు ఉండనియ్యవే, నా బంగారు తల్లివిగా...

అదుగో, వస్తన్నాడు. చెప్పు.