తోటి అధ్యాపకుడి అభిప్రాయం

1985 జూన్, ఒక ఆదివారం పొద్దున. హన్మకొండలో ఎల్లస్వామి అద్దెకుంటున్న ఇంటి వరండా. పద్నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం ఇక్కడే కూర్చుని ఒకరి రాతలు ఒకరు దిద్దుకుంటున్న ఇద్దరు సోషియాలజీ లెక్చరర్లలో రామలింగం నిన్నటి నుంచి రీడరు. ఎల్లస్వామి లెక్చరరుగానే మిగిలాడు.

“మూడేండ్లెంత, ఎల్లస్వామీ! కండ్లు మూసి తెరిచేలోపట అయిపోతయి. మల్ల అప్లై చేస్తవ్, మల్ల పిలుస్తరు. గింతదానికి మొకం గట్ల పెట్టినవేంది?”

“నా మొకం ఎప్పుడు గిట్లనే ఉంటదన్నా. జర ఇటు జరుగు, నీ మీదికి ఎండొస్తాంది.”

“ఎండదేముందిలే. నిన్న నువ్వు డిపార్టుమెంటుకు రాకపోయేసరికి నేను పరేషానైన. అందరొచ్చి దండలేసిన్రు. నా కన్నేమో తలుపు దిక్కే ఉండె. ఎల్లస్వామి ఏడి, ఎల్లస్వామి ఏడి అని పది మందిని అడిగిన.”

“తెల్సింది. మిఠాయి డబ్బా పంపినవ్ కద.”

“పంపకుంటనా? నీకు పెట్టకుండ నేను తిన్ననా ఎప్పుడన్న? తిన్నవా?”

“సమ్మమ్మ పక్కింటోళ్లకు ఇచ్చింది.”

“పక్కింటోళ్లకా...”

“నాకు షుగర్ కదన్నా.”

“ఔను, ఔను. షుగర్. మర్చిపోయిన.”

ఎల్లస్వామి భార్య సమ్మమ్మ చాయ్ గ్లాసులతో వచ్చింది.

“నమస్తే రీడర్ సారూ. చాయ్ తీస్కోన్రి.”

“ఏంది చెల్లె, కొత్తగ సారంటానవ్? ఇన్నేండ్లు అన్నా అంటివి.”

“పెద్ద కుర్సీలకు పోయిన్రు కద. అన్నా అంటే బాగుంటదో లేదో అని.”

“సమ్మమ్మా, నీకు దవాఖానల డ్యూటీ లేదా?”

“పన్నెండింటికి. ఇంక మస్తు టైమున్నది. నేను కూసుంటే మీ ముచ్చట ఆగుతదా ఏంది?”

“కూసో చెల్లె, కూసో. నీకు తెల్వని ముచ్చట ఏమున్నది మా దగ్గర!”

“ఒక్కటున్నదన్నా. గా ప్రమోషన్ కాయితాలల్ల ఒకరి గురించి ఒకరు రాయాలంటిరి గద. ఈయన మీ గురించి, మీరు ఈయన గురించి. మీరు ఏం రాసిన్రు?”

“అది... అది కాన్ఫిడెన్షియల్ చెల్లె. బయట చెప్పొద్దు. రూలు.”

“ఇంట్ల గూడనా?”

“మంచిగనే రాసిన. నేను చెడ్డగ రాస్తనా? ఏందో... చాయ్ మంచిగున్నది. ఎల్లస్వామీ, ఇను, అసలు ముచ్చట చెప్త. నిన్ను దెబ్బ కొట్టింది ఇంటర్వ్యూ. నేను చిలక్కు చెప్పినట్టు చెప్పిన. మొదటి ప్రశ్నకు ఇంగ్లిష్‌ల రెండు ముక్కలు చెప్పు, తర్వాత తెలుగుల దిగినా నడుస్తదని. నువ్వు మొదటి మాటనే తెలుగుల ఎత్తుకుంటివంట.”

“వాళ్లు తెలుగులనే అడిగిన్రు.”

“అడుగుతరు. ఎట్ల చెప్తవో చూద్దామనే అడుగుతరు.”

“నేను రాసిన డోర్నకల్ రైల్వే గ్యాంగ్‌మన్ల గురించి అడిగిన్రన్నా. మా నాయిన కట్టయ్య గురించి అడిగిన్రు. ఎండకాలం పట్టాల మీద సమ్మెట ఎట్ల ఆడిస్తరు, ఇంటికొచ్చి చేతులు ఏ నీళ్లల్ల పెడ్తరు, ఆడోళ్లు ఏం పని చేస్తరు... అది నాకు ఇంగ్లిష్‌ల నోటికి రాలే. ఇరవై నిమిషాలన్నది గంటసేపు అడిగిన్రు. బయటికొస్తాంటె ఒక పెద్దాయన లేచి నా చెయ్యి పట్టుకున్నడు.”

“చెయ్యి అందరికి కలుపుతరు.”

“నీకు కలిపిండా?”

“కలిపిండో ఏమో. యాదికి లేదు. అది ఇడిసిపెట్టు. ఆర్డర్‌ల ఏమున్నది? రెండేండ్లు సీనియర్ గైడెన్స్‌ల పనిచేయాలె, మూడో ఏడు మల్ల అప్లై చేసుకోవచ్చు అని కద. సీనియర్ ఎవరు? నేనే. ఇంక నీకేం ఫికర్? నా కొత్త రూంలనే నీకు టేబుల్ ఏపిస్త. ఆదివారం ఆదివారం ఈడ చేసే పనే ఆడ చేద్దాం. ఆర్నెల్లకోసారి నీ రిపోర్టు మీద నా సంతకం కావాలె, అంతే. చూడకుండ పెడ్త.”

“చూడకుండనా?”

“చూడకుండ.”

“మరి మొన్న చూసి పెట్టినవా, చూడకుండ పెట్టినవా?”

“మొన్న ఎప్పుడు?”

“గా కాన్ఫిడెన్షియల్ కాయితం మీద.”

“మల్ల అదే ముచ్చటనా! రాసిన అంటాన కద. క్లాసు చెప్పుట్ల నీ అంతటోడు లేడని రాసిన. పిల్లలు నీ మీద ప్రాణం పెట్టుకుంటరని రాసిన.”

“తర్వాత?”

“తర్వాతేంది? గంతే.”

“గంతేనా అన్నా?”

“గంతే... గంతే. అందరు రాసేదే.”

“‘ఎల్లస్వామి ఉత్తమ బోధకుడు. అయితే పరిశోధనలో స్వతంత్రంగా నిలబడగల స్థాయికి ఇంకా రాలేదు. తాను పుట్టి పెరిగిన మనుషుల మీది మమకారం ఆయన రాతలో శాస్త్రదృష్టికి అడ్డు వస్తోంది. కనీసం రెండేళ్లు ఒక సీనియర్ పర్యవేక్షణలో పనిచేయడం ఆయనకే మేలు.’ నువ్వు ఇంగ్లిష్‌ల రాసినవ్, నేను తెలుగుల చెప్పిన. ఎక్కడన్న తప్పు పోయిందా? నాకు ఆ ఇంగ్లిష్ నువ్వు నేర్పిందే.”

“ఎవడు... ఎవడు చూపిచ్చిండు నీకు? సారయ్యనా? ఆఫీసుల టైపు కొట్టే సారయ్యనే కద? వాని కొలువు తీపిస్త!”

“తీపియ్యి. ఇప్పుడు రీడర్‌వు గద.”

“అరె, నా మాట అది కాదు...”

“ఆగున్రి జర. నాకొకటి చెప్పున్రి. మమకారం అంటే ఏందన్నా? గ్యాంగ్‌మన్ కొడుకు గ్యాంగ్‌మన్ల మీద రాస్తే మమకారం. మట్టెవాడ దుకాణం ఇంట్ల పుట్టి మీరు దుకాణదార్ల మీద రాస్తిరి. దాన్నేమంటరు?”

“చెల్లె, ఇది సబ్జెక్టు. నీకు అర్థం కాదు.”

“కాదు. నా బిడ్డ కడుపులుండంగ ఈయన నెల రోజులు మట్టెవాడ దుకాణాలన్ని తిరిగి మీ సర్వే ఫారాలు నింపిండు. ‘ఫారం పట్టుకొని నేను తిరిగితే మా వాళ్లు నవ్వుతరు’ అని మీరే అంటిరి. అది మాత్రం నాకు మంచిగ అర్థమైంది.”

“నేను కాదంటాన్నా? థీసిస్ ముందుమాటల ఎల్లస్వామి పేరు పెట్టలేదా?”

“పెట్టినవన్నా. పదకొండో పేరు.”

“అబ్బ, అది గూడ లెక్కపెట్టినవా! మరి నేను చేసింది లెక్కపెట్టు. నువ్వు కొలువుల చేరిన కొత్తల లీవ్ లెటర్ రాయరాకపోతుండె నీకు. ఎవరు నేర్పిన్రు? నీ తొలి పేపరు ఏడుసార్లు ఎవరు దిద్దిన్రు? హైదరాబాదు సెమినార్‌ల నీకు మాట ఆగిపోతే, లేచి నిలబడి అందుకున్నదెవరు?”

“నువ్వే.”

“మరి!”

“అందుకనే నీ పేరు రాసిచ్చిన. నీ పని తెల్సిన తోటి అధ్యాపకుడెవరు అని ఫారంల అడిగితే, ఇంకెవరి పేరు రాస్తనన్నా? కలం ఆగకుండ రాసిన.”

“నేను నిజమే రాసిన, ఎల్లస్వామీ. నీ మంచికే రాసిన. తొందరపడి పైకెక్కినంక నలుగురు నవ్వే బదులు, జర ఆగి...”

“నీకెప్పుడు తెల్సింది?”

“ఏంది?”

“మన డిపార్టుమెంటుకు ఒక్కటే ఇస్తరని.”

“అది... కమిటీ కూసున్నంక తెల్సింది. అందరికి తెల్సినప్పుడే.”

“కాయితం రాసినంకనా, రాయకముందా?”

“ఎవరో అంటాంటె చెవుల పడ్డది. ఖాయంగ ఎవరికి తెల్సు?”

“ముందా, తర్వాతనా?”

“చాయ్ చల్లారిపోయింది, చెల్లె, ఇంకొంచెం...”

“చెప్పున్రన్నా. ముందా, తర్వాతనా?”

“ముందుగల్లనే. వారం ముందు. హెడ్డు పిలిచి చెప్పిండు.”

“వారం ముందు. అంటే ఆ తర్వాత మూడు ఆదివారాలు నువ్వు ఈ కుర్సీలనే కూసొని, లోపటికి ఎట్ల నడవాలె, చేతులు ఎక్కడ పెట్టుకోవాలె అని నాకు నేర్పిచ్చినవ్.”

“నేర్పిచ్చిన! మనసుపెట్టి నేర్పిచ్చిన! అది అబద్ధం కాదు. అదీ నిజమే, ఇదీ నిజమే. నీకెట్ల చెప్పాల్నో నాకు తెలుస్తలేదు. నాకు నలభై ఏడు, ఎల్లస్వామీ. పండుగకు కూసుంటే మా తమ్ముళ్లు అడుగుతరు, అన్నా, నువ్వింక లెక్చరర్‌వేనా అని. నవ్వుకుంట అడుగుతరు. నీకు నాలుగేండ్లు తక్కువ. నీకెట్లనన్న వస్తదిలే అనుకున్న. నీ పని గట్టిది, నీకెట్లనన్న వస్తది...”

“నా పని గట్టిదా?”

“కాదన్ననా నేనెప్పుడన్న?”

“రాసినవ్ కదన్నా.”

“తప్పే. పో, తప్పే. ఏం చెయ్యమంటవిప్పుడు? సంతకం పెడ్త అంటాన. మూడేండ్లల్ల నిన్ను రీడర్‌ను చేసే జిమ్మ నాది.”

“మా తమ్ముడు పోశయ్య అడగడన్నా. వానికి లెక్చరర్ అంటేనే కలెక్టరంత. ఇగ నువ్వు సంతకం ఫికరు పెట్టుకోకు. నిన్న నేను డిపార్టుమెంటుకు రాలే గని, ఆఫీసుకు పోయిన. గైడెన్స్ వద్దు, మల్ల అప్లై చెయ్య అని రాసిచ్చిన.”

“పిచ్చోడా! రిటైరయ్యేదాక లెక్చరర్‌గనే ఉంటవా? నిన్నగాక మొన్న నీ దగ్గర చదివిన పోరగాండ్లు నీ మీదికెల్లి పోతాంటె చూసుకుంట కూసుంటవా?”

“కూసుంట.”

“చెల్లె, నువ్వన్న చెప్పు!”

“నేనే రాయమన్న అన్నా. ఆర్నెల్లకోసారి మీ సంతకానికి వచ్చి మీ తలుపుకాడ నిలబడుడు నాకు ఇష్టం లేదు. ఆయన నిలబడేటోడే. నేనే వద్దన్న.”

“ఇద్దరు కల్సి నన్ను... సరే. సరే ఎల్లస్వామీ. రేపే నేను పోత. కమిటీ చైర్మన్ ముందట నిలబడి చెప్త. నేను రాసింది తప్పు, ఎల్లస్వామి నాకన్న ఒక మెట్టు పైననే ఉన్నడు అని చెప్త. ఏమైతదో కానియ్యి.”

“నమ్ముతరా?”

“ఎందుకు నమ్మరు? మొన్న నేను రాసింది నమ్మలేదా?”

“నమ్మలేదన్నా. మినిట్స్ రాసుకుంట సారయ్య ఆడనే ఉన్నడు. నా చెయ్యి పట్టుకున్న పెద్దాయన నీ కాయితం పక్కకు జరిపిండట. ఒక్కటే పోస్టున్నప్పుడు పోటీల ఉన్నోడు రాసింది ఏం చూస్తం, ఎల్లస్వామికే ఇద్దాం అన్నడట. మిగిలినోళ్లు గూడ ఔనన్నరట.”

“మరి... మరి నాకెట్ల వచ్చింది?”

“అప్పుడు నేను నీ గురించి రాసిన కాయితం తీసిన్రు. అది సదివినంక, పక్కకు జరిపిన నీ కాయితం మల్ల ముందటికొచ్చింది.”

“ఏం రాసినవ్?”

“‘తనకు నష్టం వచ్చినా రామలింగం అబద్ధం రాయడు. నా పని విలువ నాకన్నా ఆయనకే బాగా తెలుసు’ అని రాసినన్నా. గది నమ్మిన్రు.”