సైకిల్ బండి ఎనుక తాడు

"నానమ్మా, కొట్టంల మూలకున్న గా చిన్న గీరలు ఎడ్లబండియి కావు గద, ఏందియి?"

గయ్యా... గవి సైకిల్ బండి గీరలు బిడ్డా. మీ తాత చేసిండు. గిప్పుడు నవ్వుతవు గాని, గా దినం నా పానం పానంల లేకుండె. రాసుకుంటున్నవా? రాసుకో.

మీ తాత కట్టెపని చేసే వడ్లాయన గదా. మనూర్ చుట్టుపక్కల ఎన్ని బండ్లు చేసిండో, మనింట్ల మాత్రం బండి లేకుండె, ఎద్దులు లేకుండె. నిజాం కాలం, పైసలేడియి? ఒకాయనకు రెండు దర్వాజలు చేసిచ్చి, బదులుకు తుప్పువట్టిన సైకిల్ తెచ్చిండు. తను చేసిన దున్నే నాగండ్లు అంగడికి మోస్కపోతందుకు దానెనుక చిన్న బండి కట్టాలని ఆయన ఆశ. అచ్చం ఎడ్లబండి తీర్గనే చేసిండు. ముంగట పొడుగు నొగ, గీరలకు ఇనుప పట్టాలు. గా నొగను తీస్కపోయి సైకిల్ సీటు కింద కట్టిండు. ఊరోళ్ళు ఒక్కటే నవ్వుడు, "ఏం వడ్లాయినా, గీ ఎద్దుకు గడ్డెంత వెడ్తవ్?" అని.

గప్పుడే మా అత్త కాలు మీద బాడిశ వడ్డది. బాడిశ తెల్వదా, కట్టె చెక్కేది. వారానికి... కాదు కాదు, నాలుగొద్దులకే కాలు గుమ్మడికాయంత వాచింది, పెయ్యంత జరం. నారాయణఖేడ్ దవాఖానకు తీస్కపోవాలె. మిరుగం కార్తె వానలు వడ్డయి, ఊరంత విత్తుకుంటుండ్రు, ఎద్దులెవలిస్తరు? తాత చేసిన బండ్లే, తాతకియ్యలే. ఇగ సైకిల్ బండిల గడ్డి పరిచి పండవెట్టినం. తల సైకిల్ దిక్కు, కాళ్ళు ఎనుక నడిచే నా దిక్కు. తలకింద పనిముట్ల సంచి. తొవ్వల ఏదన్న ఊడితే కావాలె గదా.

నేను కొత్త కోడల్ని. అత్త నోరు... అబ్బో. గా పొద్దున పొయ్యి మీద జొన్నగట్క అడుగంటిందని నా పుట్టింటోళ్ళను సుత తిట్టింది. బండిల పండి గూడ, "ఓ పోరీ, జల్దీ నడువవేంది, పెండ్లికి పోతున్నవా?" అంటది. మల్ల జరసేపటికి మూలుగుతది. నాకు ఒక్కటే పరేషాన్. ఆమెకేమన్నయితే, కోడలొచ్చిన యాళ్ళ మంచిది గాదంటరు గదా.

చిన్న దిగుడొచ్చింది. బండి పోయి ఎనుకకెల్లి సైకిల్ని దొబ్బింది, తాత పడబోయిండు. గప్పుడు సమజైంది ఆయనకు. ఎద్దులైతే దిగుడుకాడ కాళ్ళు ఆనిచ్చి బండిని ఆపుతయ్. సైకిల్ యాడ ఆపుతది? గన్ని బండ్లు చేసినోనికి గీ ముచ్చట తట్టలే సూడు! ముంగట ఒర్రె వాగు దిక్కు పెద్ద దిగుడున్నది. బండెనుక తాడు కట్టి నా చేతికిచ్చిండు. "గట్టిగ గుంజి పట్టు. ఇడ్సినవంటే నన్ను కన్న అవ్వ దక్కది."

పట్టిన. అంత బురద. కాళ్ళు జారుతున్నయ్, తాడు అరచేతులల్ల సర్రున జారుతుంది, తోలు లేస్తుంది. అత్త నన్నే సూస్తుంది. "ఇడ్వకే పిల్లా, ఇడ్వకే" అంటుంది.

ఇడ్సిన.

బండి ఉరికింది. తాత ఒకదిక్కు, సైకిల్ ఒకదిక్కు, బండి తంగేడు పొదలల్ల బోర్లవడ్డది. ఏడ్సుకుంట ఉరికిన. అత్త బురదల కూసొనున్నది, సంచి ఒళ్ళె వెట్టుకొని. నా రెండు చేతులు వట్టి తిప్పి సూసింది. నెత్తురు. సంచిలకెల్లి ఉలి తీసి, తాడు రాయి మీద వెట్టి, రెండు పోట్లకు తెంపింది. సగం నా చేతిల వెట్టింది. తాత కుంటుకుంట వచ్చెటాళ్ళకు, "మురిగిన తాడు కట్టినవేందిరా? పోరి చేతులు సూడు!" అని ఆయన్నే తిట్టింది.

బండి లేపి, మల్ల ఆమెను పండవెట్టి, ఎట్లనో దవాఖానకు చేరినం. పుండు కోసి చీము తీసిండ్రు. బతికింది. మస్తు ఏండ్లు బతికింది, నన్ను తిట్టుకుంటనే బతికింది. గా ముచ్చట మాత్రం ఒక్కనాడు ఎత్తలే. తాతకు ఆఖరుదాంక తెల్వదు. తాడు తెగిందనే అందరికి చెప్పిండు.

నేను చేతులు మండి ఇడ్సిన్నో, పొద్దున తిన్న తిట్లకు ఇడ్సిన్నో... గిప్పటికి సమజ్ గాలే బిడ్డా. గది గూడ రాసినవా? సరే, ఉండనియ్.

నీకు గసొంటి అత్త దొరకాలె. నోరెంత చెడ్డదైనా సరే...