పెద్దక్కగారు చెప్పని పేరు

1991 జూలై 8వ తేదీన, ఆసుపత్రులకు కంప్యూటర్ సేవలందించే మా సంస్థలో కేబుల్ విభాగపు సహాయకురాలిగా చేరి, విభాగమంతా పెద్దక్కగారని పిలుచుకునే మా సహోద్యోగిని, ఈ నెలాఖరున ముఖ్య నెట్‌వర్క్ ఇంజనీరు హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. నిచ్చెనెక్కి పైకప్పు పలకల మధ్య కేబుళ్లు లాగిన తొలి ఏడేళ్లలోనే, ఏది ఏ గదికి చేరుతుందో కాగితం చూడకుండా చెప్పగల ప్రావీణ్యాన్ని సంపాదించారు. అనంతరం రౌటర్ల బాధ్యతను స్వీకరించి, నలభై మూడవ ఏట, కళాశాలలో చదివే కుమార్తె పుస్తకాలు అడిగి తీసుకుని ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌ను అభ్యసించారు.

వారి కుటుంబసభ్యులూ మా సంస్థ పత్రిక ఈ సంచికను చదువుతారని తెలిసి, బెరుకుతోనే ఒక సంఘటనను నివేదిస్తున్నాను.

తొమ్మిదేళ్ల క్రితం ఒక ఉదయం, ఒక ఆసుపత్రిలో కొత్త వార్డును కలుపుతూ రౌటర్ సెట్టింగుల్లో చేసిన మార్పులో ఒక్క అంకె తప్పింది. ఆపరేషన్ గదికీ బ్లడ్ బ్యాంకుకూ నడుమ సంబంధం తెగిపోయింది. లోపల బల్లపై రోగి ఉండగా, నర్సులు చీటీలు పట్టుకుని మెట్లపై పరుగులు తీస్తున్నారని ఫోన్ వచ్చింది. మా గదిలో కంగారుగా తలా ఒక సెట్టింగు మార్చబోతుంటే, వారు అందరినీ కీబోర్డుల మీద నుంచి చేతులు తీయమన్నారు. సెట్టింగుల పాత ప్రతినీ కొత్త ప్రతినీ ముద్రించి, స్కేలు పెట్టి వరుస వరుసనూ పోల్చారు. పద్నాలుగో నిమిషంలో ఆ అంకె దొరికింది. కుర్చీలో కూర్చోబోయి ఆగి, మార్పు చేసిన ఇంజనీరుతో, "నా చేతులు వణుకుతున్నాయి తమ్ముడూ. నేను చదువుతాను, నువ్వు కొట్టు" అన్నారు.

సంబంధం తిరిగి కలిసింది. రోగి క్షేమమని సాయంత్రం కబురందేవరకు మాలో ఎవరమూ అన్నం ముట్టలేదు.

విచారణలో ఆ ఇంజనీరు పేరు చెప్పమని పైఅధికారి మూడుసార్లు అడిగారట. "మార్పుని ముందే సరిచూసే పద్ధతి మా దగ్గర లేదు సార్. అది నా లోపం, నా పేరే రాసుకోండి" అని వారు బదులిచ్చారు. రావలసిన పదోన్నతి రెండేళ్లు వెనక్కి పోయింది. ఎందుకు పోయిందో ఇంట్లో కూడా చెప్పలేదు.

ఆ పద్ధతిని పిదప వారే నిర్మించారు. ఒకే ప్రశ్నకు ఎల్లప్పుడూ ఒకే జవాబిస్తూ, బయటి దేనినీ తాకని చిన్న చిన్న ఫంక్షన్లను కూర్చి తయారుచేసిన ఆ సాధనం, ప్రతి మార్పునూ ముందుగా నెట్‌వర్క్ నకలు మీద పరీక్షించి, ఏ దారి తెగినా ముందే నిలిపివేస్తుంది. దానికి వారు పెట్టిన పేరు 'పిరికిది'. "నా భయమంతా దీంట్లో పెట్టేశాను, ఇక మీరు హాయిగా ఉండండి" అని నవ్వారు.

ఆ అంకె తప్పు కొట్టింది నేనే. ఇన్నేళ్లూ నోరు పెగల్లేదు. ఈ సంగతి రాస్తానని గత వారం అనుమతి కోరితే, "రాయి. మా ఆయన కోప్పడితే నేను సర్దిచెప్పుకుంటాలే" అన్నారు.

వచ్చే సోమవారం మరో ఆసుపత్రిని కలపాలి. వారి స్థానంలో నేనుండాలి. భయంగానే ఉంది. వారు మాత్రం ఆ రోజు ఇష్టమైనప్పుడు నిద్రలేవవచ్చు. అటువంటి తీరిక గల సోమవారాలు, తరగని ఆరోగ్యంతో, తమవారందరి నడుమ వారికి వేలకొద్దీ రావాలని మా విభాగమంతా మనసారా ఆకాంక్షిస్తోంది.