చిటికెడు యూరియా

రాజాంలో ఓ ఇంటి ముందుగది. మొక్కలు పెంచే అక్వేరియం ఎదుట మామా, అల్లుడూ నిలబడి ఉన్నారు. నీటి మీద చేపలన్నీ చచ్చి తేలుతున్నాయి.

"ఇందులో ఏటేసినావు మావా?"

"యూరియా. సిటికెడే, అల్లుడా. ఆకులు పసుపెక్కిపోతంటే సూడలేకపోనాను. వరికి అదే కదా ఏస్తాం?"

"ఇది వరిమడా?"

"మడిలో సేపలుండవేటి?"

"మడి ఎంత, ఈ గాజుపెట్టె ఎంత మావా! ఇంత నీళ్లలో అది విషమైపోతాది."

"మరి ఆకులెందుకు పండిపోనాయి?"

"తప్పు నాది. రేఖ ఆస్పత్రి నుంచి వచ్చేసరికి మొక్కలు గుబురుగా ఉండాలని లైటు పెంచాను. వెలుగు పెరిగితే మొక్క కార్బన్ గ్యాసు ఎక్కువ లాగుతాది, ఎరువూ ఎక్కువ అడుగుతాది. గ్యాసు పెంచాను, మొక్కల మందు పెంచలేదు. లైటు తగ్గించేసుంటే సరిపోయేది."

"పోనీ, ఇలాంటి సేపలే కొత్తవి తెచ్చేద్దామా?"

"మూడోసారీ కడుపు నిలబడలేదని నీ కూతురు ఆస్పత్రి మంచమ్మీద ఏడుస్తంది. ఈ సేపలు పిల్లలు పెట్టినాయని సెప్తే ఒక్కసారి నవ్వింది మావా. ఆ పిల్లల్ని ఏ కొట్లో తెస్తావు?"

"నానే సెప్పేస్తాను. నన్ను తిట్టుకుంటాది, అంతే. ఫోను కలుపు."

అల్లుడు ఫోను కలిపి చేతికిచ్చాడు.

"అమ్మా, నానే. అన్నం తిన్నావా? ... ఏటి, సేపపిల్లలా?"

ముసలాయన గాజుపెట్టె వైపు చూసి, గోడవైపు తిరిగిపోయాడు.

"ఆఁ, ఉన్నాయి తల్లీ. ఎదిగినాయి."