నెలకో సూది

ధర్మవరంలో ఒక నేతగాడి ఇల్లు. మగ్గం గుంట అంచున నరసప్ప, ఎదురుగా కూతురు మంజులత. అతని భార్య ఈశ్వరి పోయి అయిదు నెలలు.

"బలానికని చెప్పి నాకు పిచ్చోళ్ళ సూది వేయించినావు, మంజులా. ఇంక దాంట్లో మాట్లాడేదేముండాది?"

"ఒక్కటే గదా నాయనా. ఆస్పత్రి చీటీలో మందు పేరు చూసినకాడ్నించి నువ్వు సూదికి రాకపోతివి. మూడు నెలలాయ."

"నేను సూది మానుకుంటే ఈ వణుకు మానిందా? చెయ్యి చూడు. తెగిన పోగు అతికేకి కాలే. కూచుంటే కాళ్ళు లెయ్యమంటాయి, లేస్తే కూచోమంటాయి."

"మాత్రయితే ఆపితే తొందరగా పోతాదంట. ఈ సూదిమందు కండలో ఉండి కొంచెం కొంచెం దిగతా ఉంటాదంట, నెలల తరబడి. అందుకే రేపు హిందూపురం పోదామంటాండా. వణుకుకు మాత్ర ఇస్తారంట. మందు కూడా మారుస్తారంట."

"ఇట్లయితాదని ముందే చెప్పిరా నీకు?"

"ఎట్లయితాదని?"

"వణుకుతాదని."

"చెప్పిరి."

"నాకు చెప్పల్యా."

"చెప్తే వేయించుకుంటావా? మాత్రలిస్తే నూలు కండెల బుట్టలో దాస్తివి. జరీలో ఎవురో మాట్లాడతాండారని సగం నేసిన చీర కోసేస్తివి."

"మాట్లాడినారు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు. మాట మార్చద్దు."

"మార్చలే."

"మీయమ్మ ఉండింటే సూది నా దగ్గరికి రానిచ్చేదా? అందరూ పిచ్చోడంటాంటే ఆయమ్మ ఒక్కతే అనల్యా."

"నాయనా, ఒక్క సూదికే ఇంత వణుకు వస్తాదా? అమ్మ ఉండంగనే వణుకుతాండె గదా."

"అది వయసుకు."

"వయసుకని ఎవురు చెప్పినారు?"

"మీయమ్మే. కండెలు చుడతా చెప్పె."

"అమ్మ నెలకొకసారి నిన్ను పెనుకొండకు పిల్చుకోని పోతాండె. గుర్తుండాదా?"

"నడుమునొప్పి సూదికి. గుంటలో కూచుని కూచుని నడుము పోయిందని."

"నడుముకనే నీకు చెప్పె."

"మంజులా. నడుమునొప్పి సూదే గదా అది."

"అమ్మ పోయేముందు ఆ సూది చీటీ నా చేతిలో పెట్టె. నెల తప్పనియ్యద్దు, నాయనకు తెలియనియ్యద్దు, అనె."

"మీయమ్మ ఎన్ని వేయించె?"

"ఆరు."

"ఆరు నెలలు నా చెయ్యి వణికేది చూస్తా, వయసాయ, అనె."

"లోపలికి పోయి ఏడుస్తాండె, నాయనా. చీర కోసిన పొద్దు నీ చేతిలో కత్తెర చూసి భయపడి, అమ్మ..."

"రేపు బస్సు ఎన్ని గంటలకు?"

"ఏడుకు. వస్తావా?"

"వస్తా. డాక్టరుకు చేతుల సంగతి చెప్పు, కాళ్ళ సంగతి చెప్పు. మీయమ్మ మాట మాత్రం నా ముందర ఎత్తద్దు. నేనూ ఎత్తను, చచ్చేదాకా."