ఒకటో నంబరు అల్లుడు

బస్వరాజ్ చాయ్‌ని సాసర్ల పోసుకున్నడంటె ముచ్చట షురూ అయినట్టే. కప్పుతోని తాగితె జల్ది అయిపోతది, సాసర్ల పోసి ఊదుకుంట తాగితె ఎంతసేపైనా చెప్పొచ్చు. చిరాగ్‌పల్లి కాడ హైవే పక్కన బాలమణి హోటల్‌కు వచ్చేటోళ్లందరికీ గీ సంగతి ఎరుకే. ఆ దినం మాపటియాల్ల బెంచి మీద ఇద్దరే ఉన్నరు. ఒకలు లారీ డ్రైవర్ సురేశ్, చెరుకు లోడు దించి వచ్చిండు. ఇంకొకలు అమర్నాథ్, బస్వరాజ్‌తోని ఒకటే బడిల చదువుకున్నోడు, ఆయన కోతలు ఇని ఇని చెవులు కాయలు కాసినోడు.

నిజం చెప్పాలంటె తప్పు సురేశ్‌దే. ఊకె ఉండక జేబుల నుంచి కొత్త బటన్ ఫోన్ తీసిండు.

"మా అవ్వకు కొన్ననే. సిమ్ము గిమ్ము ఏసి, నంబర్లు ఎక్కిచ్చి ఇయ్యాలె. మీ మదన్‌మోహన్‌కు గీ పని మంచిగొస్తదంట గదా అన్నా, జర ఆయనకు చెప్పరాదు?"

అంతే, బస్వరాజ్ చేతుల సాసర్ ఆడనే ఆగిపోయింది. మదన్‌మోహన్ అంటె ఆయన సడ్డకుడు, పెండ్లాం శిల్పకు చెల్లె మొగడు. జహీరాబాద్ ట్రాక్టర్ కంపెనీల నౌకరి, ఇస్త్రీ అంగీ, మెడల కంపెనీ కార్డు. గా పేరు ఇంటె చాలు బస్వరాజ్‌కు కడుపుల మిరపకాయలు నూరినట్టయితది. పెద్దల్లుడు తను. అత్తగారింట్ల బువ్వకు మొదటి ఇస్తారి తనకు, పండుగకు మొదటి బట్టలు తనకు. అత్త నారమ్మ గూడ పెద్దల్లుడని మర్యాదతోని ఎన్నడు ఎదురుంగ నిలబడి మాట్లాడలే, తలుపు ఎనక నుంచి బిడ్డతోని చెప్పిస్తది. చిన్నల్లునితోనైతె గట్ల కాదు. "మదనూ, గీ బుట్ట జర ఎత్తు బిడ్డా" అంటది, వాడు ఎత్తుతడు. బస్వరాజ్‌ను ఎవ్వలు బుట్ట ఎత్తమనలే. గదే ఆయన మంట.

"మదన్‌మోహనా!" అన్నడు బస్వరాజ్, సాసర్ కింద పెట్టి. "వాడు ట్రాక్టర్‌కు బోల్టులు బిగిస్తడు, ఫోన్ సంగతి వానికేం ఎరుక? మా అత్త ఫోన్ ఎవ్వలు చేసిచ్చిన్రనుకున్నవ్? నేను! కొని తెచ్చింది వాడే, కాదంటలే. డబ్బా ఇప్పబోయిండు. ఆగు అన్న. పెద్దల్లుడు ఉండంగ చిన్నల్లుడు సిమ్ము ఏసుడేంది, ఏ ఊరి పద్ధతి అన్న. కిక్కురుమనకుంట డబ్బా నా చేతుల పెట్టిండు. ఎనక మూత తీసిన, బ్యాటరీ తీసిన, సిమ్ము కోసిన మూల ఏ దిక్కున్నదో చూసిన, టక్కున ఏసిన. తెలుగు పెట్టిన, అక్షరాలు పెద్దగ చేసిన, రింగు ఫుల్లు పెట్టిన. నువ్వు చాయ్ ఊదుకున్నంత సేపు గూడ పట్టలే."

దీంట్ల సగం నిజమే. సిమ్ము మాత్రం తిరగేసి కుక్కిండు, అది ఇరుక్కుంటె శిల్ప తలపిన్నుతోని బయటికి గుంజింది. ఆ ముక్క బస్వరాజ్ మింగేసిండు.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఛార్జింగు! దానికీ ఒక పద్ధతుంటది. వైరు పెట్టుకోని మాట్లాడొద్దు, తడి చేతుల్తోని ముట్టొద్దు, మెత్త కింద పెట్టి పండొద్దు అని అత్తకు చెప్పిచ్చిన. ఉగాదికి ఒక్కపారి ఎక్కిచ్చినం. దసరా వచ్చినా ఒక్క గీత దిగలే. అంత కరెంటు ఏం చేసుకుంటం? బోరు మోటరుకు తగిలిచ్చినం, అల్లం చెల్కంత నీళ్లు పారినయ్."

"అన్నా, మా ఫ్రిజ్జుకు గూడ జర ఒక వైరు ఇయ్యరాదు?" అన్నది పొయ్యి కాడి నుంచి బాలమణి.

"నవ్వు బాలమణీ, నవ్వు. టార్చి సంగతి ఇంటె నవ్వు ఆగిపోతది. ఒకనాడు తెల్లారకముందు అత్త బర్రె కాడికి పోవుకుంట టార్చి బటన్ ఒత్తింది. యాడి కోహీర్ ఊరు, యాడి మా చెల్క! కోహీర్ల కోళ్లన్ని పొద్దు పొడిచిందనుకోని ఒక్కపారే కూసినయ్. బడిల గంట కొట్టిన్రు. పిల్లలు సంచులు ఏసుకోని పోయి లైన్ల నిలబడ్డరు."

"మరి వాండ్లకు బడిల బువ్వ పెట్టిన్రా?" అన్నడు అమర్నాథ్, మొఖం మీద నవ్వు రాకుంట.

"పెట్టిన్రు. గుడ్డు గూడ పెట్టిన్రు," అన్నడు బస్వరాజ్, రెప్ప కొట్టకుంట.

గప్పుడే హోటల్ ముంగట ఒక ఆటో ఆగింది. బస్వరాజ్ ఈపు రోడ్డు దిక్కున్నది, చూడలే. అండ్లకెల్లి నారమ్మ దిగింది. కాలుకు పట్టి, చంకల కర్ర. దవాఖానల పట్టి మార్పిచ్చుకోని వస్తున్నది, హైవే మీదికెల్లి ఊర్లెకు ఇంకో ఆటో దొరికేదాంక బాలమణి కాడ కూసుందామనుకున్నది. ముంగట పెద్దల్లుని ఈపు కనబడంగనే కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. బాలమణి చప్పుడు చెయ్యకుంట చెయ్యి పట్టి, పక్క తలుపు నుంచి లోపలికి తోలుకపోయి, వంట కాడ కట్టిన పరద ఎనక పీట ఏసి కూసోబెట్టింది. అమర్నాథ్ చూసిండు. చూసి, ఆమె ఎవ్వలో సురేశ్ చెవుల చెప్పి, "ఇంక చెప్పు బస్వరాజ్, ఆపకు," అన్నడు.

ఆయనకు ఆపే ఆలోచనే లేదు. మదన్‌మోహన్ పేరు లోపల ఇంకా కుతకుత ఉడుకుతనే ఉన్నది.

"రింగు పెట్టిన అన్న గదా! అది మోగితె హైవే మీద పోయే బొంబాయి లారీలు పక్కకు జరిగి తొవ్వ ఇస్తయ్."

"నేను రోజు గదే రోడ్డు మీద పోత," అన్నడు సురేశ్. "నాకెన్నడు ఇనబడలే."

"నీ లారీ చప్పుడే నీకు ఇనబడదు, ఫోన్ యాడ ఇనబడ్తది? అది ఇడిసిపెట్టు. దొంగోని సంగతి ఇను. ఒకడు ఫోన్ చేసిండు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్న, నీ కార్డు బందయితది, నీ ఫోన్ల ఒక నంబరు వచ్చింది, అది చెప్పమ్మా అన్నడు. అసుంటోనికి పిన్ను చెప్పొద్దు, ఓటీపీ చెప్పొద్దు, మాట్లాడకుంట కట్ చెయ్యాలె అని అత్తకు నేను దినాం చెప్పిస్తుంటి. చెప్పంగ చెప్పంగ ఫోన్ గూడ ఇనుకుంట నేర్చుకున్నది! అత్త నోరు తెరవకముందే అదే అందుకున్నది. ఏమ్రా, ముసలోళ్లు దొరికిన్రా నీకు, మీ అవ్వను గిట్లనే అడుగుతవా అని కడిగి పెట్టింది. వాడు గజగజ వణికి తన ఓటీపీయే చెప్పిండు. పెండ్లాంకు తెల్వని ముచ్చట్లు గూడ చెప్పుకోని ఎక్కెక్కి ఏడ్సిండు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? బస్సెక్కి వచ్చి నా కాళ్ల మీద పడ్డడు. దొంగతనం మానేసి మా అల్లంల కలుపు తీస్తున్నడు."

"మంచిగున్నది," అన్నడు అమర్నాథ్. "ఒకపారి చూపియ్యి."

"ఊరికి పోయిండు. వాళ్ల చెల్లె పెండ్లి."

సురేశ్ చాయ్ పొలమారి దగ్గిండు. బాలమణి కొంగు నోట్ల పెట్టుకున్నది. పరద ఎనక గూడ ఎవ్వలో కిసుక్కుమన్నరు, బస్వరాజ్ పిల్లి అనుకున్నడు.

"గియ్యన్ని ఒక లెక్క గాదు సురేశ్. మొన్నటి సంగతి చెప్త. నంబర్లు ఎక్కిచ్చుట్లనే ఉన్నది అసలు తెలివి. ఒక్క బటన్ ఒత్తి పట్టుకుంటె ఒక్క మనిషికి పోతది. ఒకటి మీద నన్ను పెట్టుకున్న. పెద్దల్లుడు ఒకటి మీద కాకుంటె యాడుంటడు? మదన్‌మోహన్ ఏదో చెప్పబోయిండు, నువ్వు రెండు మీద ఉండు అన్న, నోరు మూసుకున్నడు."

నంబరు పెట్టేటప్పుడు ఫోన్ గూడ ఏదో చెప్పబోయింది. తెరమీద రెండు ముక్కలు వచ్చినయ్, పెద్దక్షరాలే, తెలుగే. బస్వరాజ్ చదవలే. మదన్‌మోహన్ చూస్తుండంగ ఆగితె తనకు పని రాదనుకుంటడని, సరే అని ఒత్తి మూసిండు.

"మొన్న వానకు చెల్క గట్టు మీద అత్త కాలు జారింది. జారుకుంటనే ఒకటి ఒత్తింది. నేను బువ్వ తింటున్న, ఎంగిలి చెయ్యి. రింగు ఇనబడంగనే బండి తీసిన. లారీలను దాటిన, బస్సులను దాటిన. ముంగట చెరుకు ట్రాక్టర్ అడ్డం వస్తె బండి హ్యాండిల్ పైకి గుంజిన, ట్రాక్టర్ మీదికెల్లి దుంకి అవతల పడ్డది. చెల్కలకు పోయి చేతులు చాపిన. చాపేటాల్లకు అత్త ఇంక కింద పడనే లేదు! గాలిల ఉన్నది! పువ్వును పట్టినట్టు పట్టుకున్న. మదన్‌మోహన్‌కు సంగతి తెలిసేటాల్లకు అత్త ఇంట్ల చాయ్ తాగుతున్నది."

ఇది చెప్పేటప్పుడు ఆయన ఎవ్వల మొఖం చూడలే, సాసర్ దిక్కే చూసిండు. ఎందుకంటె ఆ దినం జరిగింది ఇది కాదు. అత్త బురదల పడి ఉంటె మదన్‌మోహన్ షిఫ్టు ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు, రెండు చేతుల ఎత్తుకోని దవాఖానకు తీసుకపోయిండు. బస్వరాజ్‌కు పొద్దుగూకినంక శిల్ప చెప్తె తెలిసింది. ఫోన్ జేబులనే ఉండె, ఒక్కపారి గూడ మోగలే. ఒకటి మీద నేనుంటె, నన్ను దాటేసి వానికెందుకు చేసింది? ఆపదల మనిషికి ఎవరు యాదికొస్తరో వాళ్లే గదా నిజం అల్లుడు! అప్పటి సంది ఆయన అత్తగారి గడప తొక్కలే. శిల్ప ఒక్కతే పోయి చూసొచ్చింది. అడిగితె పొలం పని అన్నడు.

"అన్నా," అన్నడు సురేశ్ మెల్లగ, "పడకముందే పట్టుకుంటె మరి కాలుకు గా పట్టి ఎందుకు?"

"ఏ కాలు? ఏ పట్టి?"

సురేశ్ పరద దిక్కు చూపిచ్చిండు. పరద కింద నుంచి పట్టి కట్టిన కాలు బయటికి కనబడుతున్నది. బస్వరాజ్ ఆ దిక్కు తిరిగిండు.

"బాలమణీ," అన్నది లోపలి నుంచి నారమ్మ, "పెద్దల్లునికి చెప్పు. ముందుగాల నేను ఆయనకే చేసిన."

బాలమణి చెప్పే పనే లేదు, అందరికీ ఇనబడుతనే ఉన్నది. అయినా పద్ధతి పద్ధతే. "ముందుగాల నీకే చేసిందంట అన్నా," అన్నది.

"రాలే నాకు!" అన్నడు బస్వరాజ్. ఇన్ని దినాల మంట ఒక్కపారే బయటపడ్డది. "ఒట్టు. ఒక్క రింగు గూడ రాలే. వానికి చేసి నాకు చేసిన అంటె ఎట్ల?"

"ఒకటి ఒత్తి పట్టుకున్న అని చెప్పు బాలమణీ. ఎవరో పోరి మాట్లాడింది. నాకు సమజ్ కాలే. మల్ల ఒత్తిన, మల్ల గదే పోరి. బురదల కూసోని బతిలాడుకున్న. బిడ్డా, కాలు ఇరిగినట్టున్నది, జర మా బస్వరాజ్‌కు ఫోన్ ఇయ్యి అని. ఎంత మొత్తుకున్నా ఇయ్యలే. ఇంక నొప్పికి ఆగలేక రెండు ఒత్తిన."

హోటల్ల ఎవ్వలు నవ్వలే.

"గా ఒకటి బటన్ కంపెనీదంట," అన్నది నారమ్మ మల్ల. "ఒత్తి పట్టుకుంటె వాళ్ల మాటల డబ్బాకు పోతదంట, అండ్ల మాట్లాడేది మనిషి గాదు రికార్డంట, గా ఫోన్ల దాని మీద ఎవ్వల నంబరు కూసోదంట. దవాఖానల చిన్నల్లుడు చూసి చెప్పిండు. ఆయనకు చెప్పకు అత్తమ్మా, చిన్నబోతడు అన్నడు. ఇన్నొద్దులు చెప్పలే. గని పెద్దల్లుడు ఇంటికే రాకపాయె, ఇంక నేను ఎన్నొద్దులు దాచిపెట్టాలె?"

బస్వరాజ్‌కు దెబ్బ మీద దెబ్బ తాకినట్టయింది. తన తప్పు ఒకటి. ఆ తప్పును మదన్‌మోహన్ దాచిపెట్టుడు ఇంకోటి. ఆఖరికి మంచితనంల గూడ వాడే ముందు! సాసర్ల చాయ్ మీద మీగడ కట్టింది.

బాలమణి లోపలికి పోయి నారమ్మ ఫోన్ తెచ్చి ఆయన చేతుల పెట్టింది. "యాడ పెట్టుకుంటవో పెట్టుకో అన్నా. నువ్వు ఎత్తితె చాలంటున్నది."

బస్వరాజ్ ఈసారి ఒక్కొక్క అక్షరం చదువుకుంట పోయిండు. మూడు మీద పాలాయన ఉన్నడు. నాలుగు మీద ఆటో ఆయన. అయిదు మీద బాలమణి. ఆమె దిక్కు ఒకపారి గుర్రుగ చూసి, ఆరు మీద తన నంబరు పెట్టుకున్నడు. ఫోన్‌ను బాలమణి చేతుల నుంచి మల్ల లోపలికి పంపిచ్చిండు. "ఒకపారి ఒత్తి చూడమను," అన్నడు.

జేబుల ఫోన్ మోగింది. ఎత్తి చెవి కాడ పెట్టుకున్నడు. పరదకు అవతల అత్త, ఇవతల అల్లుడు. ఇన్నేండ్లల్ల ఆమె తనతోని సూటిగ మాట్లాడుడు ఇదే మొదలు.

"అల్లుడా, రేపు శిల్పను తీసుకోని ఇంటికి రాండ్రి. బువ్వ తిని పోదురు."

బస్వరాజ్ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. వస్త అత్తమ్మా అందామనే నోరు తెరిచిండు, గని లోపలి గుబులు ఆగలే.

"మదన్‌మోహన్‌ను గూడ పిలిచినవా అత్తమ్మా? ముందుగాల ఎవ్వలకు చెప్పినవ్? నాకా, వానికా?"

అమర్నాథ్ తలకాయ పట్టుకున్నడు. సురేశ్ తన కొత్త ఫోన్‌ను మెల్లగ జేబుల పెట్టుకున్నడు.

"గీ మాట మదన్‌మోహన్ నన్ను ఎన్నడడగలే, అల్లుడా," అన్నది నారమ్మ, ఫోన్ కట్ చేసింది.